కుక్కకు బూట్లేసి ఎడారికి తీసుకెళ్లాం: నాలుగు కొన్నాం, మూడు మిగిలాయి

ముందే చెప్తున్నా, ఇది బూట్ల రివ్యూ. మావి కాదు, మా కుక్కవి. పోయిన అక్టోబరు చివర్లో అమెరికాలో న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ అనే తెల్ల ఇసుక దిబ్బల నేషనల్ పార్కుకి వెళ్దామనుకున్నాక, ఎడారి కదా, ఇసుకలో దాని కాళ్లు కాలతాయేమో అన్న భయంతో 38 డాలర్లు పెట్టి కొన్న బూట్లు ఇవి. వెళ్లేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు మూడు. నాలుగోది ఏమైందో తర్వాత చెప్తా. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే అచ్చం ఇవే బూట్లు ఆన్‌లైన్‌లో ఏడెనిమిది పేర్లతో అమ్ముతున్నారు, అన్నీ ఒకే అచ్చులోంచి ఊడిపడ్డట్టున్నాయి. నల్ల రబ్బరు అడుగు, పైన వల లాంటి గుడ్డ, మడమ దగ్గర రెండు వెల్క్రో పట్టీలు, రాత్రి లైటు పడితే మెరిసే ఒక గీత, అంతే.

మా కుక్క పేరు ఉలవ. రంగు చూసి పెట్టిన పేరు. షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం, ఏ జాతో వాళ్లకూ తెలీదు, మాకూ తెలీదు. ఐదేళ్లుంటాయి, 22 కిలోలు. మేముండేది అరిజోనాలోని ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో కాబట్టి ఎండ గురించి మాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీలకు తగ్గలేదు (ఫారెన్‌హీట్‌లో చెప్తున్నా, ఇక్కడ అందరం అట్లాగే మాట్లాడుకుంటాం, మన లెక్కలో 43 పైన). ఫీనిక్స్ సిటీ వాళ్ల ట్రెయిళ్ల (నడక దారుల) మీద 100 దాటితే కుక్కల్ని తీసుకురాకూడదని రూలే ఉంది. మే నుంచి సెప్టెంబరు దాకా ఉలవ వాకింగ్ అంటే పొద్దున ఐదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఇంకోసారి. బయటికి తీసుకెళ్లే ముందు తారు మీద అరచేతి వెనకభాగం ఆనించి ఏడు లెక్కపెట్టాలి, అంతసేపు చెయ్యి ఉంచలేకపోతే దాని కాళ్లూ ఆనవు. కుక్కలకు చెమట పట్టేదే ఆ కాలి మెత్తల్లో, మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పి వదిలించుకోవాల్సిందే.

ఇంత తెలిసీ బూట్లు ఎప్పుడూ కొనలేదు. ఇప్పుడు కొన్నది ఇసుక కోసం. మా లెక్క అక్కడే తప్పింది.

సైజు సంగతి ముందు చెప్తా, ఇది పనికొచ్చే విషయం. తెల్ల కాగితం మీద కుక్క కాలు పెట్టించి, దాని బరువంతా ఆ కాలి మీద పడేట్టు రెండో కాలు ఎత్తి, పెన్సిల్‌తో గీసుకోవాలి. పడుకున్నప్పుడు కొలిస్తే చిన్న సైజు వస్తుంది. ముందు కాళ్లు వెనక కాళ్లకన్నా వెడల్పు. ఈ సంగతి సైజు చార్టులో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది, నేను చూడలేదు, నాలుగూ ఒకే సైజు తెప్పించా. ముందు రెండూ సరిగ్గా పట్టాయి, వెనక రెండూ గోతాం సంచుల్లా వేలాడాయి. మీరు కొనేటప్పుడు ముందుకో సైజు, వెనక్కో సైజు విడిగా అమ్మేవాళ్ల దగ్గర కొనండి, పది డాలర్లు ఎక్కువైనా సరే.

మొదటిసారి వేసినప్పుడు ఏం జరిగిందో మీరు ఊహించుకోగలరు. ఉలవ రెండు నిమిషాలు బొమ్మలా నిలబడిపోయింది, తర్వాత ఒక్కో కాలు ఛాతీ దాకా ఎత్తి పెడుతూ, వరిమడిలో కొంగ నడిచినట్టు హాల్లో నడిచింది. అప్పుడే ఇండియా నుంచి వచ్చి వారమైన మా అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ఏందే ఇది, కుక్కకు చెప్పులా? నేను అనంతపురంలో యాభై ఏండ్లు ఎండలో తిరిగినా, నా కుక్కలు ఎప్పుడన్నా చెప్పులడిగినాయా?" అంది. అమ్మ కుక్కలంటే వీధివి, రోజూ మా గడప ముందు పెరుగన్నం తిని, మధ్యాహ్నం మురుగు కాలువ పక్కన తడి మట్టి చూసుకుని పడుకునేవి. అవి పన్నెండింటికి తారు రోడ్డు మీద వాకింగుకు పోవు కదా అమ్మా, అన్నా. ఆమె ఒప్పుకోలేదు. రెండు వారాలు రోజూ పది నిమిషాలు వేసి, ప్రతిసారీ చికెన్ ముక్క పెట్టి అలవాటు చేశాం. కొని, అదే రోజు వేసి బయల్దేరదామంటే కుదరని వస్తువు ఇది.

ఇక వైట్ శాండ్సే ఎందుకంటే, కుక్క కోసం. అమెరికాలో నేషనల్ పార్కులకు కుక్కని తీసుకెళ్లొచ్చు అని ఎవరైనా చెప్తే సగమే నమ్మండి. గేటు దాటొచ్చు, అంతవరకే. డెత్ వ్యాలీలో కుక్క రోడ్ల మీద, పార్కింగులో, క్యాంపు గ్రౌండుల్లో తప్ప ట్రెయిల్ మీద కాలు పెట్టకూడదు. జాషువా ట్రీలో రోడ్డు నుంచి వంద అడుగులు దాటి లోపలికి పోకూడదు. టూసాన్ దగ్గర సగువారోలో రోడ్లు కాక రెండు చిన్న సిమెంటు దారులున్నాయి, వాటితో సరి. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో డెత్ వ్యాలీ వెళ్లినప్పుడు నేనూ మా ఆయనా షిఫ్టులేసుకున్నాం, అక్కడి బ్యాడ్‌వాటర్ అనే ఉప్పు మైదానంలో ఆయన ఉప్పు మీద అర మైలు నడిచొచ్చేదాకా నేను కుక్కతో పార్కింగులో, తర్వాత నేను వెళ్తే ఆయన పార్కింగులో. సముద్రమట్టానికి 282 అడుగుల కిందున్న చోటికి ఇద్దరం కలిసి వెళ్లి, విడివిడిగా చూసొచ్చాం. రూలు తప్పని అనట్లేదు. అక్కడ బల్లులూ పాములూ నక్కలూ ఉంటాయి, కుక్క వాసన పడితే వాటికి ఇబ్బంది. కానీ కుక్క ఉన్నవాళ్లకు అది ట్రిప్పు కాదు, డ్యూటీ.

వైట్ శాండ్స్ అలా కాదు. ఆరడుగులకు మించని లీష్ (కుక్కని పట్టుకునే తాడు) ఉంటే చాలు, ట్రెయిళ్ల మీద, దిబ్బల మీద మనతో పాటు ఎక్కడికైనా రానిస్తారు. విజిటర్ సెంటర్ బిల్డింగు లోపలికి మాత్రం వద్దు. కారుకు 25 డాలర్ల టికెట్టు, మా దగ్గర 80 డాలర్ల వార్షిక పాసు ఉంది కాబట్టి అది చూపించాం.

చాండ్లర్ నుంచి అటూ ఇటూగా 430 మైళ్లు. గూగుల్ ఏడు గంటలంటుంది, కుక్కా అమ్మా ఉంటే తొమ్మిది. ఇద్దరికీ రెండు గంటలకోసారి దిగాలి. ఇంకో సంగతి, అరిజోనాలో గడియారాలు మార్చరు కాబట్టి అక్టోబరులో న్యూ మెక్సికో మనకన్నా గంట ముందుంటుంది, అది మర్చిపోయి మొదటి రోజు సూర్యాస్తమయం చూడాలన్న ప్లాను పోగొట్టుకున్నాం. చీకటి పడ్డాక గేటు మూసేస్తారు.

బూట్ల అసలు పరీక్ష దారిలోనే జరిగింది, ఎడారి చేరకముందే. లార్డ్స్‌బర్గ్ అనే ఊరు దాటాక హైవే పక్కన ఒక రెస్ట్ ఏరియాలో ఆగాం. కుక్కల కోసం పక్కన కొంచెం ఖాళీ స్థలం వదిలారు, ఎండిన గడ్డి, మట్టి. వాతావరణం చల్లగానే ఉంది కదా అని బూట్లు వెయ్యలేదు. పది అడుగులు వేసిందో లేదో ఉలవ ముందు కాలు పైకెత్తి మూడు కాళ్ల మీద నిలబడిపోయింది. ఇంకో అడుగు వెయ్యబోయి వెనక కాలూ ఎత్తింది. నేను కంగారుపడి పామో తేలో అనుకున్నా, ఎందుకంటే ఇటువైపు రెస్ట్ ఏరియాల్లో పాములుంటాయని బోర్డులే పెడతారు. అమ్మ మాత్రం వంగి దాని కాలు చేతిలోకి తీసుకుని చూసి, "పల్లేరుగాయ!" అంది. ఆ గొంతులో ఉన్న సంతోషం చూడాలి మీరు, ఊరి మనిషి కనబడ్డట్టు. నిజంగానే పల్లేరు కాయ. ఇక్కడ వాళ్లు దాన్ని మేక తలకాయ అంటారు, రెండు కొమ్ములు ఉంటాయని. మొక్క అదే, నేల మీద పాకే తీగ, చిన్న పసుపు పూలు, సైకిల్ ట్యూబులు చిల్లులు పెట్టే కాయలు. ఈ దేశం మొక్క కాదట, బయటి నుంచి వచ్చి ఈ పొడి నేలంతా పాకింది. మాలాగే అన్నాడు మా ఆయన.

అమ్మ మంగళసూత్రానికి ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుంటాయి. నేను చిన్నప్పటి నుంచి నవ్వుతూనే ఉన్నా వాటిని చూసి. ఆ రోజు ఒక పిన్నీసు తీసి, ఉలవ కాలు తొడ మీద పెట్టుకుని, వేళ్ల సందులో విరిగిన ముళ్లతో సహా నాలుగు కాయలు తీసింది. మా ఫస్ట్ ఎయిడ్ కిట్‌లో ట్వీజర్ ఉంది, డిక్కీ అడుగున, మూడు బ్యాగుల కింద. ఆ తర్వాత ప్రతి స్టాపులోనూ బూట్లు వేశాం. పెట్రోలు బంకులు, రెస్ట్ ఏరియాలు, వాల్‌మార్ట్ పార్కింగు. బూటు అడుగున పల్లేరు కాయలు గుచ్చుకుని ఉంటే కారెక్కే ముందు గీకి పారెయ్యడమే. ఈ పనికి మాత్రం వీటికి అయిదుకి అయిదు ఇస్తా. ఎక్కడా లోపలికి దిగలేదు.

(మా వైపు అరిజోనాలో తిరిగేవాళ్లకు ఇంకొక మాట. చోయా అనే కాక్టస్ ముళ్లకు బూట్లు చాలవు, ముక్క ఊడొచ్చి కాలికీ మూతికీ పట్టుకుంటుంది. చేత్తో పీకబోతే చేతికి అంటుకుంటుంది. ఒక మామూలు దువ్వెన జేబులో ఉంచుకుని దాని పళ్లతో విసిరికొట్టినట్టు లాగాలి.)

రాత్రికి దిగిన మోటెల్ గురించి ఎక్కువ రాయను. వెబ్‌సైట్‌లో కుక్కలకు స్వాగతం అని పెద్ద బొమ్మ ఉంది, కౌంటర్ దగ్గరికి వెళ్లాక రాత్రికి 35 డాలర్లు అదనం అన్నారు. ఇస్తాం, కానీ ముందే రాయొచ్చు కదా. పైగా రెండో అంతస్తు ఇచ్చారు, ఇనుప మెట్లు, మెట్ల మధ్య ఖాళీలోంచి కింద కనబడుతుంటే ఉలవ ఎక్కనంది. 22 కిలోల కుక్కని మా ఆయన రెండు పూటలా ఎత్తుకుని మోశాడు. మీరు బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి రెండే అడగండి: అదనం ఎంత, కింద రూము ఉందా. కొత్త చోటు కదా, ఉలవ తన డాగ్ ఫుడ్ ముట్టలేదు. అమ్మ మాకోసం తెచ్చిన అన్నంలో తాలింపు వెయ్యకముందు తీసిన పెరుగు కలిపి పెట్టింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు పడవని నేను చెప్పక ముందే ఆమెకు తెలుసు. గిన్నె నాకి బోర్లేసింది.

మర్నాడు పొద్దున్నే పార్కుకు బయల్దేరాం. ముందు రోజు రాత్రే వెబ్‌సైట్ చూసుకోండి, ఎందుకంటే ఈ పార్కు చుట్టూ ఉన్నది మిసైల్ రేంజ్, అంటే సైన్యం క్షిపణులు పరీక్షించే చోటు, వాళ్లు ప్రయోగాలు చేసే రోజుల్లో రోడ్డు రెండు మూడు గంటలు మూసేస్తారు. ప్రపంచంలో మొదటి అణుబాంబు పేల్చింది కూడా ఇదే రేంజ్ ఉత్తరం కొసన, 1945 జులై 16న. ఇసుకలో ఇనుప ముక్క లాంటిది ఏది కనబడినా ముట్టుకోకండి, కుక్కని ముట్టుకోనివ్వకండి అంటారు. లీష్ ఆరడుగులే ఎందుకో అప్పుడు నాకు బాగా అర్థమైంది.

లోపలి రోడ్డు ఎనిమిది మైళ్లు. మొదటి అయిదు మైళ్లు తారు, ఆ తర్వాత గట్టిపడిన తెల్లటి నేలే రోడ్డు, పక్కన రోడ్డు చదును చేసే యంత్రంతో తోసిన తెల్లటి గట్లు. అమ్మ మంచు అనుకుంది. కారు దిగి ముట్టుకుని, మంచు కాదని తెలిసి కూడా శాలువా కప్పుకుంది. మొదటి పార్కింగులో నేను పద్ధతిగా ఉలవకు నాలుగు బూట్లూ తొడిగి, వెల్క్రో బిగించి, దిబ్బ ఎక్కించా. ఇరవై అడుగులు. అంతే. ముందు కాలు జాడించడం మొదలెట్టింది, కూర్చుంది, పళ్లతో పట్టీ లాగింది. విప్పి చూస్తే బూటు నిండా ఇసుక. పైన వల గుడ్డ గాలి ఆడ్డానికని పెట్టారు, అందులోంచి గాలితో పాటు పిండి లాంటి ఈ సన్నటి ఇసుక కూడా దూరుతుంది. దూరింది బయటికి రాదు, వేళ్ల కింద చేరి గట్టిపడుతుంది. గోరు పక్కన చర్మం ఎర్రగా రాసుకుపోయింది అప్పటికే. వెనక బూట్లయితే లూజు కదా, రెండు పారల్లా ఇసుక తోడుకుంటూ వచ్చాయి.

నాలుగూ విప్పేశా. విప్పాక భయపడుతూ నా చెప్పులు కూడా విప్పి ఇసుక మీద నిలబడ్డా, పదకొండున్నర ఎండలో. చల్లగా ఉంది. అనంతపురంలో వేసవి మధ్యాహ్నం గచ్చు మీద నిలబడి పెరిగినదాన్ని, ఎండలో మెరిసే నేల చల్లగా ఉండటం నాకు కాసేపు తలకెక్కలేదు.

విషయం ఏంటంటే ఇది మామూలు ఇసుక కాదు, జిప్సం అనే తెల్లటి ఖనిజం. మామూలు ఎడారి ఇసుకలా ఎండని పట్టి ఉంచుకోదు, తెల్లగా తిప్పికొడుతుంది. పైగా దిబ్బల అడుగున తడి ఉంటుంది. చుట్టూ కొండల్లోంచి వాన నీళ్లు జిప్సాన్ని కరిగించి దింపుతాయి, మామూలు చోటయితే అది ఏట్లో కలిసి సముద్రానికి పోతుంది, ఈ లోయకు బయటికి దారే లేదు కాబట్టి నీళ్లు ఇక్కడే ఆగి ఎండి, పలుకులు మిగిలి, గాలికి అరిగి ఇట్లా 275 చదరపు మైళ్ల దిబ్బలయ్యాయి. ఈ పాఠమంతా మేం బోర్డు చదివి తెలుసుకుంటే ఉలవ తవ్వి తెలుసుకుంది. రెండు దిబ్బల మధ్య చదునుగా ఉన్న చోట ముందు కాళ్లతో గబగబా తవ్వి, జానెడు లోతులో తడి ఇసుక తగలగానే అందులో పొట్ట ఆనించి, కాళ్లు నాలుగు వైపులా చాపి పడుకుంది. అమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. మురుగు కాలువ పక్కన తడి మట్టి గుర్తొచ్చిందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

నాయనకు వీడియో కాల్ చేశాం, అనంతపురంలో అప్పటికి అర్ధరాత్రి అవుతోంది, అయినా ఎత్తాడు. తెల్లటి దిబ్బలు చూపించి, ఇదంతా జిప్సం నాయనా అంటే, "ఎంత దూరముంది?" అన్నాడు. కంటికి కనబడినంత దూరం అన్నా. కాసేపాగి, "ఎకరాకు రెండు వందల కిలోలు. ఊడలు దిగేటప్పుడు చల్లితే కాయ గట్టిగా నిండుతుంది. మన మండలం మొత్తానికి ఎన్నేండ్లు సరిపోతుందో లెక్కెయ్యి" అన్నాడు. చెనిక్కాయ (వేరుశనగ) చేనికి జిప్సం దొరక్క ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషికి ఇది అందమైన ప్రదేశంలా ఎందుకు కనబడుతుంది, గోడౌన్‌లా కనబడింది. కుక్క బాగుందా అని మాత్రం అడిగాడు.

నడవడానికి డ్యూన్ లైఫ్ ట్రెయిల్ ఎంచుకున్నాం, మైలు దూరం, అమ్మకీ కుక్కకీ సరిపోతుందని. గాలికి అడుగులు చెరిగిపోతాయి కాబట్టి దారి ఉండదు, గుంజలు పాతి వాటి మీద పేక గుర్తులు పెట్టారు. ఈ దారికి కళావరు, ఆల్కలీ ఫ్లాట్ అనే అయిదు మైళ్ల పెద్ద దారికి డైమన్. ఒక గుంజ దగ్గర నిలబడి తర్వాతి గుంజ కనబడితేనే కదలాలి. పెళ్లిళ్లలో రమ్మీ ఆడి మేనమామల డబ్బులు గెలిచిన మా అమ్మకు ఇది చాలా నచ్చింది, "కళావరు కనబడిందే!" అని ముందు నడిచింది. ఉలవ ముక్కు మాత్రం నేల వదల్లేదు. రాత్రి తిరిగిన చిన్న నక్కల అడుగులు, బల్లుల తోక గీతలు, పురుగుల కుట్టుపని, అన్నీ చదువుకుంటూ వచ్చింది. మంచు యుగంలో ఇక్కడ చెరువు ఉండేదట, దాని ఒడ్డున మనుషులు, ఏనుగుల్లాంటి మామత్‌లు, పెద్ద తోడేళ్లు నడిచిన అడుగులు ఈ పార్కులోనే దొరికాయి. మనుషుల అడుగులకు 21 వేల నుంచి 23 వేల ఏళ్ల వయసుంటుందని 2021లో ప్రకటించారు. వాటిని చూడనివ్వరు, మేమూ చూడలేదు. కానీ తడి చోట ఉలవ పాదం దిగబడినప్పుడు, పక్కన అమ్మ పాదం పడినప్పుడు ఆ రెండింటినీ ఫోటో తీసుకున్నా.

నీళ్ల గురించి గట్టిగా చెప్తున్నా. విజిటర్ సెంటర్ దాటాక లోపల చుక్క నీరు దొరకదు. మనిషికి రోజుకు గాలన్ అని పార్కు వాళ్లే చెప్తారు, మేం ముగ్గురికీ కుక్కకూ కలిపి అయిదు గాలన్లు తీసుకెళ్లాం, మూడున్నర అయిపోయాయి, అదీ 80 డిగ్రీలు దాటని రోజున. మడతపెట్టే రబ్బరు గిన్నె ఉంటుంది చూడండి, ఆరేడు డాలర్లు, బూట్ల కన్నా వంద రెట్లు పనికొచ్చింది. పావుగంటకోసారి ఆపి తాగించాం. కాళ్ల కింద చల్లగా ఉన్నా నెత్తి మీద ఎండ ఎండే, తెల్లటి నేల మీద నుంచి మళ్లీ పైకి కొడుతుంది కూడా, దాని ముక్కు కొస ఎర్రబడింది. చొంగ చిక్కగా తీగలు సాగినా, చిగుళ్లు బాగా ఎర్రబడినా, తూలినా ఇంక ఫోటోలు ఆపి నీడకు తీసుకెళ్లి మామూలు చల్లటి నీళ్లతో తడిపి డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. ఇక కారులో వదిలి "ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం" అనే మాట అసలు వద్దు, బయట 70 ఉన్నా అరగంటలో లోపల వంద దాటుతుంది. వేసవిలో ఈ పార్కుకు కుక్కతో నేనయితే పొద్దున తప్ప వెళ్లను.

నాలుగో బూటు కథ. సాయంత్రం గిఫ్ట్ షాపులో గుండ్రటి ప్లాస్టిక్ పళ్లెం కొన్నాం, దిబ్బ మీద నుంచి జారడానికి, దానికి మైనం రాసుకోవాలి. మా ఆయన రెండుసార్లు జారాడు. అమ్మ వద్దు వద్దు అంటూనే చున్నీ నడుముకు బిగించింది. అప్పటికి ఉలవ ఎడమ ముందు కాలికి, పొద్దున రాసుకుపోయిన చోట ఇసుక పడకుండా గుడ్డ చుట్టి ఒక్క బూటు తొడిగి ఉంచా. అమ్మ జారడం మొదలెట్టగానే అది ఒక్క అరుపు అరిచి, లీష్‌తో సహా నన్ను లాక్కుంటూ దిబ్బ దిగింది. అమ్మ కింద పడి నవ్వుతోంది, కుక్క ఆమె మొహం నాకుతోంది, నేను మోకాళ్ల మీద ఉన్నా, బూటు లేదు. పార్కులో చెత్త వదలకూడదు కాబట్టి ముగ్గురం అరగంట వెతికాం, చేతులతో జల్లెడ పట్టినట్టు. చుట్టిన గుడ్డ దొరికింది, బూటు దొరకలేదు. విజిటర్ సెంటర్‌లో చెప్పి వచ్చాం, సిగ్గేసింది. పక్క దిబ్బ మీద అప్పటికి సూర్యుడు దిగుతున్నాడు, ఇసుక ముందు పసుపుగా, తర్వాత గులాబీ రంగులోకి, ఆఖర్న నీలంగా మారింది. ముందు రోజు పోగొట్టుకున్నది అదే.

మర్నాడు తిరుగు దారిలో, పార్కు నుంచి లాస్ క్రూసెస్ వైపు వెళ్తుంటే హైవే 70 మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది, అందరూ ఆగాలి. మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, మేం హెచ్‌1బి, అమ్మది విజిటర్ వీసా, ముగ్గురి అసలు పాస్‌పోర్టులూ ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింటులూ దగ్గరుంచుకున్నాం, ఫోన్లో ఫోటోలు కాదు. మనిషి మర్యాదగానే అడిగాడు, ఒక నిమిషం పట్టింది. కానీ వాళ్ల దగ్గర ఒక డ్యూటీ కుక్క ఉంది, నల్లగా, గంభీరంగా, కాళ్లకు బూట్లు లేకుండా. మా ఉలవ కిటికీలోంచి దాన్ని చూసి తన జీవితంలో ఎప్పుడూ అరవనంత అరిచింది. అది తల కూడా తిప్పలేదు. "చూడు, ఉద్యోగమంటే అట్లుండాల" అంది అమ్మ, నన్ను చూసి కాదు, మా ఆయన్ని చూసి.

ఇంతకీ కొనాలా వద్దా అంటే: వైట్ శాండ్స్ ఇసుక కోసం అయితే కొనకండి. ఊళ్లో తారు, సిమెంటు, బంకులు, పల్లేరు కాయల కోసం అయితే కొనండి, వల గుడ్డవి కాకుండా పైన మూసి ఉన్నవి, ముందు వెనక వేరే సైజులు. మామూలు ఎడారి ఇసుక, అంటే వేడెక్కే రకం, అక్కడా ఇవి ఇలాగే నిండిపోతాయని నా అనుమానం, కాబట్టి వేళ చూసుకుని పోవడమే మేలు. మాకు మిగిలిన మూడింట్లో ఒకటి ముందుది, రెండు లూజువి. ఒక్క బూటు విడిగా అమ్ముతారా అని కంపెనీకి రాశా, సెట్టు కొనమని జవాబొచ్చింది. మూడు నక్షత్రాలు, అందులో రెండు పల్లేరు కాయలవే.

ఇంటికొచ్చాక ఆ మూడు బూట్లూ ఉతకడానికి తీసి బాల్కనీలో విదిలిస్తే పిడికెడు తెల్లటి పొడి రాలింది. అమ్మ చీపురు పట్టుకోబోతున్న నా చెయ్యి ఆపి, కాగితంతో అంతా ఎత్తి కరివేపాకు కుండీలో పోసి నీళ్లు పట్టింది. పార్కు నుంచి ఇసుక తేకూడదమ్మా, రూలు, అన్నా. "మనం యాడ తెచ్చినాం, కుక్క తెచ్చింది" అంది.